పాత కంప్యూటరులో హెచ్‌డీ టీవీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంట్లో పది, పదిహేనేళ్ళుగా ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటరును పారేయకుండా, దానితోనే హెచ్‌డీ టీవీ కార్యక్రమాలను రికార్డు చేసుకుని చూడవచ్చా అని ఈమధ్య చాలామంది పాఠకులు అడుగుతున్నారు. అమెరికాలో ఉంటున్న మనవారికీ, ఇక్కడి పాఠకులకూ ఒకే జవాబు చెప్పడం కుదరదు. అక్కడ యాంటెన్నాకు అందే సిగ్నలుకు చాలావరకు తాళం (అనుమతి లేనివారు చూడకుండా చేసే సంకేతీకరణ) ఉండదు; ఇక్కడ డిష్ ద్వారా వచ్చే సిగ్నలుకు చాలావరకు తాళం ఉంటుంది. ముందుగా టెక్సస్ నుంచి వచ్చిన పొడవైన ఉత్తరం చూసి, ఆ తరువాత మన ఊళ్ళకు వద్దాం.

ప్రశ్న: మేము డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాం. 2009లో కొన్న డెస్క్‌టాప్ ఇంకా పనిచేస్తోంది. అందులో 2.93 గిగాహెర్ట్జ్ కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, మదర్‌బోర్డులోనే ఉన్న గ్రాఫిక్స్, విండోస్ 7 ఉన్నాయి. కేబుల్ కనెక్షను మానేసి, యాంటెన్నాతో ఉచితంగా వచ్చే ఛానళ్ళను ఈ కంప్యూటరులో రికార్డు చేసుకోవాలనుకుంటున్నాం. ఆదివారం వచ్చే ఫుట్‌బాల్ ఆటలూ, పిల్లలకు పీబీఎస్ (అమెరికా పబ్లిక్ టీవీ) కార్యక్రమాలూ మాకు ముఖ్యం. ఇంత పాత ప్రాసెసర్ హెచ్‌డీ రికార్డింగు భారాన్ని మోయలేదని, కొత్త కంప్యూటరే కొనాలని తెలిసినవారు అంటున్నారు. ఇది నిజమేనా? నిజం కాకపోతే ఏమేమి మార్చుకోవాలి?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మీకు తెలిసినవారు చెప్పిన మాట అనలాగ్ టీవీ రోజుల్లో నిజమే. అప్పట్లో ట్యూనర్ కార్డుకు (టీవీ సిగ్నలును కంప్యూటరులోకి తెచ్చే పరికరం) అందేది ముడి చిత్రం. దాన్ని అప్పటికప్పుడు కుదించి డిస్కులో దాచే పని తరచుగా ప్రాసెసర్ మీదే పడేది కాబట్టి రికార్డింగు అంటేనే యంత్రం వేడెక్కిపోయేది. అమెరికాలో పూర్తి శక్తితో నడిచే టీవీ కేంద్రాల అనలాగ్ ప్రసారాలు 2009 జూన్ 12తో ముగిశాయి. ఇప్పుడు యాంటెన్నాకు అందేది ప్రసార కేంద్రమే ఎంపెగ్-2 పద్ధతిలో కుదించి పంపే అంకెల ప్రవాహం. వంట అక్కడే అయిపోయింది. మీ కంప్యూటరు చేయవలసింది వండినదాన్ని క్యారియర్‌లో సర్దుకోవడం మాత్రమే. రికార్డింగు తేలిక, తిరిగి చూపించడమే బరువు అన్న ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే, ఏది కొనాలో ఏది అక్కరలేదో చాలావరకు మీకే తెలిసిపోతుంది.

లెక్క చూడండి. అమెరికా ప్రసార పద్ధతి అయిన ఏటీఎస్‌సీలో ఒక టీవీ ఛానలుకు 6 మెగాహెర్ట్జ్ జాగా ఉంటుంది. అందులో సెకనుకు గరిష్ఠంగా 19.39 మెగాబిట్ల సమాచారం పడుతుంది. బైట్లలో చెబితే అది సెకనుకు దాదాపు 2.4 మెగాబైట్లు. మీ 2009 నాటి హార్డ్‌డిస్క్ కూడా సెకనుకు అనేక పదుల మెగాబైట్లు రాయగలదు కనుక, ఒకేసారి రెండు మూడు ఛానళ్ళు రికార్డు చేసినా దానికి పెద్ద ఇబ్బంది ఉండదు. ప్రాసెసర్‌కైతే ఆ సమయంలో పని దాదాపు ఉండదు.

ఇక చూపించడం సంగతి. 1080ఐ అనే హెచ్‌డీ రూపంలోని ఎంపెగ్-2 చిత్రాన్ని విప్పడానికి ఒకప్పుడు 3 గిగాహెర్ట్జ్ పెంటియం 4 కూడా ఆయాసపడేది. మీ కోర్ 2 డ్యుయో మాత్రం గ్రాఫిక్స్ సాయం లేకుండానే ఆ పని చేయగలదు. కాబట్టి ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ ఏవీ మార్చకండి. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కరలేదు. అయినా ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు కొనమనే నా సలహా. అందుకు వేగం కారణం కాదు. ఆనాటి మదర్‌బోర్డులలో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు. ఉన్నది వీజీఏ లేదా డీవీఐ మాత్రమే అయితే టీవీకి చిత్రం ఒక తీగలోనూ ధ్వని మరొక తీగలోనూ పంపవలసి వస్తుంది. జీఫోర్స్ జీటీ 710 వంటి కార్డు 19 వాట్లకు మించి విద్యుత్తు తీసుకోదు, దానికి విడిగా పవర్ తీగ అక్కరలేదు, ఫ్యాన్ లేని రకాలు దొరుకుతాయి కనుక హాలులో చప్పుడు ఉండదు. పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో కొత్త కార్డు పనిచేయాలన్నది నియమమే అయినా, కొన్ని పాత మదర్‌బోర్డుల బయోస్ (యంత్రం మొదలవగానే నడిచే మూల ప్రోగ్రాము) కొత్త కార్డులను గుర్తించక మొరాయిస్తుంది. అందుచేత తిరిగి తీసుకునే షరతు మీదనే కొనండి.

ట్యూనరు విషయంలో కాస్త ఆలోచించాలి. కంప్యూటరు లోపల అమర్చే కార్డులు, యూఎస్‌బీకి తగిలించేవి, ఇంటి నెట్‌వర్కుకు కలిపేవి అని ఇవి మూడు రకాలు. మీ ఇంట్లో అయితే నేను మూడో రకాన్నే ఎంచుకుంటాను. హెచ్‌డీహోమ్‌రన్ పేరుతో దొరికే పెట్టెలు ఈ రకానివి. యాంటెన్నా తీగ ఆ పెట్టెలోకి వెళుతుంది, పెట్టె నుంచి నెట్‌వర్కు తీగ మీ రూటరులోకి వెళుతుంది. ఇంట్లోని ఏ కంప్యూటరైనా దాని నుంచి ఛానలు అందుకోవచ్చు. రేపు ఈ పాత డెస్క్‌టాప్ మూలపడినా ట్యూనరు వృథా కాదు. లోపల అమర్చే కార్డుకైతే కొత్త విండోస్‌లో డ్రైవర్ దొరకకపోవడం అనే పాత రోగం ఎప్పుడూ ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం: రికార్డు చేసే కంప్యూటరుకూ రూటరుకూ మధ్య వైఫై వద్దు, తీగ వేయండి. రెండు హెచ్‌డీ ఛానళ్ళు కలిసినా 40 మెగాబిట్లకు మించవు కనుక 100 మెగాబిట్ల పాత నెట్‌వర్కు కార్డు కూడా చాలు. వైఫైలో అయితే సగటు వేగం ఎంత బాగున్నా, మధ్యలో ఒక్క క్షణం తడబడితే ఆ తడబాటు రికార్డింగులో శాశ్వతంగా ఉండిపోతుంది.

అమ్మేవారు ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త పద్ధతి ట్యూనరు కూడా చూపిస్తారు. ఆ పద్ధతిలో స్వచ్ఛందంగా ప్రసారం చేసుకోవడానికి అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2017 నవంబరులో అనుమతి ఇచ్చింది. చిత్రం హెచ్‌ఈవీసీ అనే కొత్త పద్ధతిలో కుదించి వస్తుంది, సిగ్నలు గట్టిదనం కూడా మెరుగే. కానీ చాలా కేంద్రాలు ఆ ప్రసారాలకు తాళం వేశాయి, కంప్యూటరులో రికార్డు చేసుకునేవారికి ఆ తాళం పెద్ద అడ్డంకి. పైగా హెచ్‌ఈవీసీని మీ ప్రాసెసర్ విప్పలేదు, జీటీ 710 కూడా విప్పదు. పాత ఏటీఎస్‌సీ ప్రసారాలు వస్తున్నంతకాలం మీకు పాత ట్యూనరే మేలు.

డిస్కు విషయం గంటల లెక్కలో తేలిపోతుంది. పూర్తి 19.39 మెగాబిట్ల ప్రవాహం గంటకు 8.7 గిగాబైట్లు అవుతుంది. నిజానికి చాలా కేంద్రాలు మొత్తం జాగాను ఒక్క హెచ్‌డీ ఛానలుకే ఇవ్వవు. పక్కన రెండు మూడు చిన్న ఛానళ్ళను కూడా ఇరికిస్తాయి. అందువల్ల గంట కార్యక్రమం 5, 6 గిగాబైట్ల దగ్గర తేలుతుంది. మూడున్నర గంటల ఫుట్‌బాల్ ఆట అంటే దాదాపు 20 గిగాబైట్లు. మీ 500 జీబీ డిస్కు ఒక సీజనుకు సరిపోవచ్చు కానీ, దాని వయసు చూస్తే అందులో కొత్తగా ఏదీ దాచమని చెప్పలేను. రెండు టెరాబైట్ల కొత్త డిస్కు ఒకటి అదనంగా పెట్టి, రికార్డింగులన్నీ అందులోకే వెళ్ళేటట్లు చేయండి. అత్యధిక వేగంతో లెక్కించినా దాదాపు 230 గంటలు పడతాయి. విండోస్‌ను గానీ లైనక్స్‌ను గానీ ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) మీదికి మార్చుకుంటే యంత్రం చురుకవుతుంది. రికార్డింగులకు మాత్రం ఎస్‌ఎస్‌డీ దండగ.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయింది. అందులో ఉండిన మీడియా సెంటర్ ఈ పనికి చక్కగా ఉండేది కానీ, ఇప్పుడు దానికి కార్యక్రమాల పట్టిక అందదు. విండోస్ 11 మీ ప్రాసెసర్‌ను అధికారికంగా ఒప్పుకోదు. ఈ యంత్రం కేవలం టీవీ కోసమే అనుకుంటే విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ వేసి, రికార్డింగుకు నెక్స్ట్‌పీవీఆర్ లేదా టీవీహెడ్‌ఎండ్, చూడటానికి కోడి పెట్టుకోవడం నా మటుకు నాకు నచ్చిన పద్ధతి. ఇవన్నీ ఉచితం. సిగ్నలుతో పాటు వచ్చే కార్యక్రమాల పట్టిక కొద్ది గంటల ముందు సమాచారమే ఇస్తుంది. రెండు వారాల పట్టిక ముందుగా కావాలంటే షెడ్యూల్స్ డైరెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థకు ఏడాదికి కొద్దిపాటి చందా కట్టవలసి ఉంటుంది. ఆదివారం ఆట ముందరి ఆట సాగడం వల్ల ఆలస్యంగా మొదలవుతుంది, ఆలస్యంగా ముగుస్తుంది. కాబట్టి ఆటల రికార్డింగుకు చివర గంటసేపు అదనంగా కలపండి. లేకపోతే సరిగ్గా ఆఖరి రెండు నిమిషాలు పోతాయి.

ఇంతవరకూ చెప్పిన వాటన్నిటికన్నా ముఖ్యమైనది యాంటెన్నా. డిజిటల్ సిగ్నలు అనలాగ్‌లా చుక్కలు చుక్కలుగా క్షీణించదు. ఉంటే ఉంటుంది, ఒక హద్దు దాటాక గడులు గడులుగా విరిగి ఆగిపోతుంది. డాలస్, ఫోర్ట్‌వర్త్ ప్రాంతపు టీవీ టవర్లు ప్రధానంగా నగరానికి నైరుతిలో సీడర్ హిల్‌లో ఉన్నాయి. ఫ్రిస్కోకు అవి దాదాపు 40 మైళ్ళ దూరం. కిటికీకి అతికించే పల్చటి రేకు లాంటి యాంటెన్నా అంత దూరానికి నమ్మదగినది కాదు. అటకలోనో, పైకప్పు మీదనో దక్షిణ నైరుతి దిశగా తిప్పిన యాంటెన్నా కావాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఈ రోజుల్లో అమ్మే చాలా యాంటెన్నాలు యూహెచ్‌ఎఫ్ (ఎక్కువ పౌనఃపున్యపు) ఛానళ్ళకు మాత్రమే తయారైనవి. మీ ప్రాంతంలో ఏబీసీ కార్యక్రమాలిచ్చే డబ్ల్యూఎఫ్‌ఏఏ కేంద్రం మాత్రం వీహెచ్‌ఎఫ్ (తక్కువ పౌనఃపున్యం) లోని 8వ ఛానలులో ప్రసారమవుతుంది. అన్నీ వచ్చి ఏబీసీ ఒక్కటే రాలేదంటే తప్పు కంప్యూటరుది కాదు, యాంటెన్నాది. వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ రెండూ అందుకునే యాంటెన్నా అని చూసి కొనండి. కాలనీ అసోసియేషన్ అభ్యంతరం చెబుతుందేమోనని మనవారు చాలామంది వెనుకాడతారు. మీ సొంత ఇంటి మీద టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని అసోసియేషన్ నిషేధించకుండా ఎఫ్‌సీసీ నియమం ఒకటి 1996 నుంచి అమలులో ఉంది. దాని పేరు ఓటార్డ్. అందరి ఉమ్మడి స్థలానికి మాత్రం అది వర్తించదు.

రెండు చిల్లర సంగతులు చెప్పి ఈ జవాబు ముగిస్తాను. మదర్‌బోర్డు మీద నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032 బ్యాటరీని మార్చండి. అది అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం వెనక్కు పోతుంది, రికార్డింగు తప్పుడు వేళకు మొదలవుతుంది. నా దగ్గర ఇదే జరిగి, వార్తలకు బదులు అర్ధరాత్రి వంటపాత్రల ప్రకటన గంటసేపు రికార్డయింది. అలాగే పెట్టె తెరిచినప్పుడు పవర్ సప్లయి పక్కనా, ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉందేమో చూడండి. ఉబ్బి ఉంటే ఆ మదర్‌బోర్డు మీద ఇక డబ్బు పెట్టవద్దు. పైన చెప్పిన సలహాలన్నీ అక్కడితో రద్దు.

ఒక మాట మరిచాను. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగు ఛానళ్ళు కూడా యాంటెన్నాతోనే వస్తాయని ఆశపడుతుంటే ముందే చెప్పేయండి. అవి అక్కడ సాధారణంగా చందా కట్టి చూసేవే.

ప్రశ్న: యాంటెన్నాకు ట్యూనరు తగిలించి పాత ల్యాప్‌టాప్‌లో రికార్డు చేస్తున్నాను. డిస్కులో చోటు లేక యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ కొని అందులోకి రికార్డు చేయడం మొదలుపెట్టాను. అప్పటినుంచి ఏ కార్యక్రమమైనా దాదాపు ముప్పావుగంట కాగానే రికార్డింగు ఆగిపోతోంది. డిస్కులో ఇంకా 900 జీబీ ఖాళీగా ఉంది. ల్యాప్‌టాప్ వేడెక్కడం వల్లనా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: వేడి వల్ల ఆగిపోతే ఒక్కోరోజు ఒక్కో వేళకు ఆగుతుంది; ఇలా ప్రతిసారీ ఒకే సమయం దగ్గర ఆగదు. ఆగిపోయిన ఫైలు పరిమాణం చూడండి. అది 4 జీబీ దగ్గర ఉంటుందని నా నమ్మకం. మీ డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. ఆ పద్ధతిలో డిస్కు ఎంత పెద్దదైనా ఒక్క ఫైలు 4 గిగాబైట్లు దాటడానికి వీలులేదు. సెకనుకు 12, 13 మెగాబిట్లు తీసుకునే హెచ్‌డీ ఛానలు ఆ హద్దును సరిగ్గా ముప్పావుగంటలో చేరుకుంటుంది, పూర్తి 19.39 మెగాబిట్లు వాడుకునే ఛానలైతే అరగంటకే చేరేది. ఇప్పటివరకూ రికార్డు చేసినవాటిని వేరేచోటికి కాపీ చేసుకుని, డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది కనుక కాపీ చేయడం మరవకండి.

ఆ పని చేశాక కూడా ఆగితే, అప్పుడు యూఎస్‌బీ డిస్కు నిద్రలోకి జారుకుంటోందేమో విండోస్ పవర్ సెట్టింగులలో చూడాలి. యూఎస్‌బీ 2.0 వేగం ఈ పనికి చాలదని ఎవరైనా చెబితే నమ్మకండి. దాని లెక్క సెకనుకు 480 మెగాబిట్లు, నిజంగా దొరికేది అందులో సగమైనా మీ అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

ప్రశ్న: మా ఇంట్లో ప్రైవేట్ డీటీహెచ్ కనెక్షను, హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సు ఉన్నాయి. జీ31 మదర్‌బోర్డు, పెంటియం డ్యుయల్ కోర్ ప్రాసెసర్‌తో పాత అసెంబుల్డ్ కంప్యూటరు కూడా ఉంది. ఆన్‌లైన్‌లో డీవీబీ-ఎస్2 ట్యూనర్ కార్డులు, హెచ్‌డీఎంఐ క్యాప్చర్ పరికరాలు అమ్ముతున్నారు. తెలుగు హెచ్‌డీ ఛానళ్ళను కంప్యూటరులోకి రికార్డు చేసుకోవడానికి ఈ రెండింటిలో ఏది కొనాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు కోరుకున్న పనికి రెండూ కొనవద్దు.

డిష్ నుంచి వచ్చే సిగ్నలు డీవీబీ-ఎస్2 పద్ధతిదే కనుక, ట్యూనర్ కార్డు దాన్ని అందుకోగలదు, ఛానళ్ళ పేర్లు కూడా చూపిస్తుంది. కానీ ప్రైవేట్ డీటీహెచ్ సంస్థలు ఆ ఛానళ్ళకు తాళం వేసి పంపుతాయి. తాళంచెవి మీ సెట్‌టాప్ బాక్సులోనూ, అందులోని కార్డులోనూ ఉంటుంది. బయట కొన్న ట్యూనర్ కార్డుకు ఆ తాళంచెవిని సంస్థ ఇవ్వదు. కాబట్టి పేర్లన్నీ కనిపిస్తాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది.

క్యాప్చర్ పరికరం సంగతి వేరు కానీ ఫలితం అదే. సెట్‌టాప్ బాక్సు తాళం విప్పిన చిత్రాన్ని హెచ్‌డీఎంఐ తీగలోకి పంపేటప్పుడు హెచ్‌డీసీపీ అనే రెండో తాళం వేస్తుంది. టీవీకి ఆ తాళం విప్పే అనుమతి ఉంటుంది. నియమాలు పాటించే క్యాప్చర్ పరికరానికి ఉండదు. పరికరం పెట్టె మీద ‘1080పీ రికార్డింగు’ అని రాసిన మాట అబద్ధం కాదు. అది కెమెరా నుంచి, ఆటల యంత్రం నుంచి వచ్చే తాళం లేని చిత్రం గురించి చెప్పిన మాట. 2008లో వచ్చిన హాపాజ్ హెచ్‌డీ పీవీఆర్ అనే పరికరం ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల కాంపొనెంట్ తీగల ద్వారా ఈ చిక్కును దాటింది, ఎందుకంటే ఆ దారికి హెచ్‌డీసీపీ లేదు. కానీ మన దగ్గరి బాక్సులలో ఆ రంధ్రాలు కనిపించడం అరుదు. పసుపు రంగు ఏవీ తీగ ద్వారా రికార్డు చేయవచ్చు కానీ, అందులో వచ్చేది 576 గీతల పాత నాణ్యత చిత్రమే. హెచ్‌డీకి కట్టిన డబ్బు అక్కడే ఆవిరి.

మీ బాక్సుకు యూఎస్‌బీ రికార్డింగు సౌకర్యం ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే ఒక హార్డ్‌డిస్క్ తగిలిస్తే చాలు, పూర్తి హెచ్‌డీ నాణ్యతతో రికార్డవుతుంది. ఆ రికార్డింగును సాధారణంగా అదే బాక్సులో తప్ప కంప్యూటరులో చూడలేరు. మీ ఉద్దేశం వేళ కుదరని కార్యక్రమాన్ని తరువాత చూడటమే అయితే ఇంతకన్నా చవకైన దారి లేదు.

డీవీబీ-ఎస్2 కార్డు నిజంగా ఉపయోగపడేది దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్‌కు. 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వచ్చే ఈ సేవకు నెల చందా లేదు. అందులో తాళం లేకుండా వచ్చే ఛానళ్ళను మీ కంప్యూటరు అమెరికాలో యాంటెన్నా ఛానళ్ళ మాదిరిగానే నేరుగా డిస్కులోకి దించుకోగలదు. అయితే అందులో ఎక్కువ భాగం సాధారణ నాణ్యత ఛానళ్ళే. పెద్ద హెచ్‌డీ టీవీ మీద వాటిని చూసి నిరుత్సాహపడవద్దు. ఫ్రీ డిష్‌కు వేరే డిష్ కావాలి. మీ డీటీహెచ్ డిష్ వేరే ఉపగ్రహం వైపు తిరిగి ఉంటుంది, దాన్ని కదిలిస్తే ఉన్న ఛానళ్ళు కూడా పోతాయి.

ఆ కార్డు కొనేముందు మీ మదర్‌బోర్డు గురించి ఒక మాట. జీ31లో ఉన్న గ్రాఫిక్స్‌కు ఎంపెగ్-2లో కొంత సాయం చేయడం తెలుసు, హెచ్.264 అనే కుదింపు పద్ధతిని విప్పడం తెలియదు. ఎంపెగ్-4 అని పిలిచే ఛానళ్ళు హెచ్.264లో వస్తాయి. సాధారణ నాణ్యతలో ఉన్నంతవరకు మీ ప్రాసెసరే లాగుతుంది. 1080ఐ వస్తే మాత్రం ఆట మధ్యలో చిత్రం తడబడుతుంది, కాబట్టి అప్పుడు జీటీ 710 లాంటి చిన్న కార్డు తప్పదు. ఇలాంటి పాత కార్డులు, డీడీఆర్2 ర్యామ్ సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల వాడినవి దొరుకుతాయి. దుకాణంలోనే పెట్టి చూపించమని అడిగి కొనండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో యాంటెన్నా ద్వారా రికార్డు చేసుకున్న కొన్ని ఆటలను, సెలవులకు వచ్చినప్పుడు తన డిస్కులో తెచ్చుకున్నాడు. మా పాత కంప్యూటరులో వీఎల్‌సీతో చూస్తుంటే ఆటగాళ్ళు పరుగెత్తినప్పుడు వాళ్ళ అంచులు దువ్వెన పళ్ళలా చీలి కనిపిస్తున్నాయి. విచిత్రమేమిటంటే కొన్ని ఆటలలో ఈ గీతలు అసలే లేవు. డిస్కు చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: డిస్కు బాగానే ఉంది. కొన్నింటిలోనే గీతలు కనిపిస్తున్నాయని మీరు రాయడం వల్ల కారణం వెంటనే తేలిపోయింది.

అమెరికాలో హెచ్‌డీ ప్రసారం రెండు రూపాలలో జరుగుతుంది. సీబీఎస్, ఎన్‌బీసీ 1080ఐను ఎంచుకున్నాయి. ఏబీసీ, ఫాక్స్ 720పీని ఎంచుకున్నాయి. 1080ఐలో ఒక పూర్తి చిత్రం ఒక్కసారిగా రాదు. ముందు బేసి గీతలు 540, ఆ తరువాత సెకనులో దాదాపు 60వ వంతు గడిచాక సరి గీతలు 540 వస్తాయి. ఆ రెండు సగాల మధ్య ఆటగాడు కొంత ముందుకు కదిలి ఉంటాడు. పాత గాజు టీవీలు సగాన్ని సగంగానే గీసేవి కాబట్టి కంటికి తేడా తెలిసేది కాదు. కంప్యూటరు తెర మాత్రం రెండు సగాలనూ కలిపి ఒకేసారి చూపిస్తుంది, అప్పుడు మీరు చెప్పిన దువ్వెన పళ్ళు కనిపిస్తాయి. 720పీలో ప్రతి చిత్రమూ పూర్తిగా వస్తుంది, అందుకే గీతలు లేని ఆటలు ఆ ఛానళ్ళవి అయివుంటాయి.

వీఎల్‌సీలో వీడియో మెనూలో డీఇంటర్లేస్ అనే అంశం ఉంది. దాన్ని ఆన్ చేసి, పద్ధతిగా యాడిఫ్ 2ఎక్స్‌ను ఎంచుకోండి. ఇది ప్రతి సగం నుంచీ ఒక పూర్తి చిత్రం తయారుచేస్తుంది కనుక కదలిక నున్నగా ఉంటుంది, ఆటలకు ఇదే తగినది. కానీ ప్రాసెసర్ మీద భారం కూడా పెరుగుతుంది. చిత్రం ఆగి ఆగి నడిస్తే రెండు రెట్లు లేని మామూలు యాడిఫ్‌కు, అదీ మోయలేకపోతే బాబ్ అనే తేలికైన పద్ధతికి దిగండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఈ పనిని దానికే అప్పగించవచ్చు. చిన్న కార్డు కొనడానికి ఇది కూడా ఒక మంచి కారణం.

ఇంకా సన్నగా ఒక కుదుపు మిగిలితే టీవీ తెర ఎన్ని హెర్ట్జ్‌లో ఉందో చూడండి. అమెరికా రికార్డింగులకు 60 హెర్ట్జ్ ఉండాలి; మన దగ్గరి ప్రసారాలు సెకనుకు 25 చిత్రాలు, అంటే 50 సగాలు కాబట్టి వాటికి 50 హెర్ట్జ్ ఉండాలి. 50ని 60లో ఇరికిస్తే తెర కింద నడిచే వార్తల పట్టీ చిన్నగా ఎగిరెగిరి పడుతుంది. ఒకసారి చూశాక ఇక కంటికి అదే కనిపిస్తుంది. చెప్పి మీ మనశ్శాంతి చెడగొట్టానేమో.

ప్రశ్న: ఇలా ఇంట్లో టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకోవడం చట్టరీత్యా నేరమా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమెరికాలో ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది. సోనీ వారి బీటామ్యాక్స్ వీడియో రికార్డరు మీద నడిచిన వ్యాజ్యంలో, ఉచిత ప్రసారాన్ని ఇంట్లో తరువాత చూడటానికి రికార్డు చేసుకోవడం న్యాయమైన వినియోగమేనని తీర్పు వచ్చింది. మన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షను వ్యక్తిగత, సొంత అవసరాలకు చేసుకునే న్యాయమైన వినియోగాన్ని ఉల్లంఘనగా లెక్కించదు. దాన్ని పదిమందికి పంచడం, ఇంటర్నెట్‌లో పెట్టడం, అమ్మడం దీనిలోకి రావు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాలను ఛేదించడం 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షను ప్రకారం శిక్షార్హం. హెచ్‌డీసీపీని తప్పించే పరికరాల పేర్లు చెప్పమని కొందరు అడిగారు. ఈ శీర్షికలో వాటి పేర్లు చెప్పను.

ప్రశ్న: నా దగ్గర 2004 నాటి కంప్యూటరు ఉంది. 2.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4, 1 జీబీ ర్యామ్, ఏజీపీ గ్రాఫిక్స్ కార్డు. దీన్ని హెచ్‌డీ రికార్డరుగా మార్చడానికి ఎంత ఖర్చవుతుంది?
– ఒక పాఠకుడు, ఆల్ఫరెట్టా, జార్జియా

జవాబు: రికార్డు చేయడం వరకు అది ఇప్పటికీ చేయగలదు, పైన చెప్పినట్లు ఆ పనిలో బరువు లేదు. చూపించడం దాని వల్ల కాదు. ఏజీపీ అనే పాత రకం స్లాటుకు సరిపడే, హెచ్‌డీ విప్పగల కార్డులు ఇప్పుడు పాతసామాన్లలో వెతికితే తప్ప దొరకవు. దొరికినా ఆ డబ్బుకు వాడిన కోర్ 2 డ్యుయో యంత్రం మొత్తం వస్తుంది. ఆ తరం పెంటియం 4 ప్రాసెసర్లలో చాలావాటి లెక్క 80 వాట్లు దాటేది, కొన్నింటిది 115 వాట్ల దాకా వెళ్ళేది. గంట కార్యక్రమం కోసం రోజంతా దాన్ని వెలిగించి ఉంచితే కరెంటు బిల్లులోనే కొత్త ట్యూనరు ధర పోతుంది. దాని మీద ఒక్క డాలరు కూడా పెట్టవద్దు. పాతసామాను తీసుకునేవారికి ఇచ్చేముందు ఐడీఈ (ఆనాటి డిస్కుల కనెక్షను) నుంచి యూఎస్‌బీకి మార్చే చిన్న తీగ ఒకటి కొని, ఆ డిస్కులో ఉన్న ఫొటోలు కాపీ చేసుకోండి. 2004 నాటివి కదా, మరోచోట ఉండకపోవచ్చు.